టవరు తాళం

చింతాలంకలో కరెంటు పోయిందంటే జగన్నాథరావు గారి పరపతి పెరిగినట్టే. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఆయనకి మరీ బాగా తెలుసు. ఆయన కొబ్బరితోట మూల మీద సెల్ టవరు ఉంది. ఏ కంపెనీ సిమ్ వేసుకున్నా ఆ లంకల్లో సిగ్నల్ రావాల్సింది దాన్నుంచే. కరెంటు ఉన్నన్నాళ్లూ దాన్ని కన్నెత్తి చూసేవాళ్లుండరు. పోయాక మాత్రం టవరుని బతికించేది పక్కనున్న జనరేటరు, ఆ జనరేటరు తాళం ఉండేది జగన్నాథరావు గారి మొలతాడుకి.

అసలైతే కరెంటు పోగానే అది దానంతటదే స్టార్టవ్వాలి, రాగానే ఆగిపోవాలి. ఆ ఏర్పాటు పాడై చాలా కాలమైంది. టవర్లు చూసుకునే అశోక్ అనే కుర్రాడికి అమలాపురం నుంచి సముద్రం ఒడ్డు దాకా బోలెడు టవర్లు. "అన్నిటికీ నేనొక్కణ్ణే ఎక్కడ తిరగనండి, తమరే కాస్త చూసుకోవాలి" అని తాళం ఆయన చేతిలో పెట్టి, ఎలా తిప్పాలో, డీజిల్ ఎక్కడ పొయ్యాలో నేర్పి వెళ్లాడు. వెళ్తూ ఒక మాట గట్టిగా చెప్పాడు.

"బ్యాటరీలు పూర్తిగా పోయాయండి. కొత్తవి వచ్చేదాకా, జనరేటరు ఆగిందంటే కాసేపట్లో సిగ్నల్ కూడా పోతుంది. బ్యాటరీలు మోస్తాయిలే అనుకోకండి."

"ఆయ్, ఆ మాత్రం తెలీదేంటయ్యా నాకు" అన్నారు జగన్నాథరావు గారు.

తెలుసు మరి. తర్వాత జరిగింది తెలియక జరిగిందని ఎవరైనా అనుకుంటారేమో, అంచేత ఈ ముక్క ముందే చెప్పుకోవడం మంచిది.

కార్తీకమాసంలో గాలివాన వచ్చి ఊరిని ఊపి వదిలిపెట్టింది. స్తంభాలు ఒరిగిపోయాయి, తీగలు చేలల్లో పడ్డాయి. కరెంటువాళ్లు టౌను వైపు నుంచి బాగుచేసుకుంటూ వస్తున్నారు, లంకల దాకా ఎప్పటికొస్తారో చెప్పలేమన్నారు. చుట్టుపక్కల ఊళ్లలో ఫోన్లన్నీ మూగబోయాయి. చింతాలంకలో మాత్రం మోగుతూనే ఉన్నాయి. గాలికి విరిగిన కొబ్బరిచెట్టు ఒకటి జనరేటరు మీదున్న రేకు పెట్టెని పచ్చడి చేసింది, దాంతో చప్పుడు ఊరు ఊరంతా వినిపించేది. అయినా ఎవరూ విసుక్కోలేదు. ఆ చప్పుడు వినపడుతోందంటే ఫోను పనిచేస్తోందని అర్థం.

జగన్నాథరావు గారు జనరేటరు నుంచి తీగ లాగి వీధరుగు మీద స్విచ్చి బోర్డు పెట్టించారు. పొద్దున లేచింది మొదలు ఊళ్లో జనం చార్జర్లు పట్టుకుని అక్కడికే. ఆయన పడక్కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లని వచ్చినట్టు కాఫీ తాగితే గానీ కదలనిచ్చేవారు కాదు. "మాదేముందండి, అంతా మీ అభిమానం" అనేవారు గానీ, అలా అంటున్నప్పుడు ఆయన ముఖం చూడాలి. లోపల ఆయన భార్య రామతులసి గారు కాఫీలు కలిపి కలిపి చేతులు పడిపోయి, "మీ పరపతికి నా పాలన్నీ అయిపోతున్నాయండి" అని గొణుక్కునేవారు.

ఆ వచ్చేవాళ్లలో మీనాకుమారి ఒకతి. టవరు అవతల చిన్న బోదె కాలవ దాటితే ఆమె ఇల్లు. భర్త పోయాడు. లేసు అల్లి నరసాపురం వ్యాపారులకి ఇచ్చి బతుకుతోంది. ఒక్కతే కూతురు, తేజస్వి. డిగ్రీలో చేరిన ఏడాదే పిల్లకి కాళ్లూ ముఖం ఉబ్బి, తీసుకెళ్లి చూపిస్తే కిడ్నీలు రెండూ పాడయ్యాయన్నారు. అప్పట్నుంచీ డయాలసిస్ కోసం కాకినాడ తిరుగుతున్నారు తల్లీ కూతుళ్లు. తనది ఇస్తానంది మీనాకుమారి. నీకు షుగరుంది, నీది పనికిరాదన్నారు. చివరికి విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో పిల్ల పేరు రాయించింది. ఎవరైనా చనిపోయి, వాళ్లవాళ్లు దానానికి ఒప్పుకుంటే, వరసలో ఉన్నవాళ్లకి ఫోను చేస్తారు. తేజస్వి పేరు బాగా పైకొచ్చిందనీ, ఏ పూటైనా ఫోను రావచ్చనీ, రాగానే బయల్దేరిపోవాలనీ చెప్పారు. ఎత్తకపోతే మాత్రం ఆగడానికి కుదరదు, తర్వాతి పేరుకి వెళ్లిపోతామన్నారు.

రెండు నంబర్లు ఇమ్మన్నారు. ఒకటి తనది ఇచ్చింది. రెండోది ఎవరిదివ్వాలో తోచక జగన్నాథరావు గారిని అడిగింది. చుట్టరికం ఏమీ లేదు గానీ ఊరి వరసకి ఆయన్ని బాబాయిగారూ అంటుంది. ఆయన ఆ మాటకే పొంగిపోయి, ఆసుపత్రి నంబరు అడిగి మరీ తీసుకుని, తన ఫోన్లో 'తేజస్వి ఆసుపత్రి' అని పేరు పెట్టుకున్నారు.

గాలివాన మర్నాడే ఆమె వచ్చి అరుగు కింద నిలబడింది.

"బాబాయిగారూ, మీకు చెప్పేంతదాన్ని కాదు గానీ, ఆ జనరేటరు ఒక్కటి ఆగకుండా చూడండి. ఈ రోజుల్లోనే ఆ ఫోను వచ్చిందంటే..."

"మీనా, ఇటు చూడమ్మా" అన్నారాయన, అరుగు మీద ఉన్న పదిమందికీ వినపడేలా. "నా ఇంట్లో దీపం ఆరితే ఆరుతుందేమో గానీ టవరు ఆరదు. నువ్వు నిశ్చింతగా పడుకో. ఆ బాధ్యత నాది."

ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని దణ్ణం పెట్టింది. ఆ పదిమందీ ఆయన వంక చూశారు. జగన్నాథరావు గారికి ఆ పూట భోజనం కూడా అక్కర్లేకపోయింది.

ఆ మాట మీద ఆయన నిజంగానే నిలబడ్డారు. అలా అనకపోతే అన్యాయం. డీజిల్ తగ్గకుండా చూశారు, అశోక్ ముందుగా తెచ్చి షెడ్డులో పెట్టిన డబ్బాలు తానే మోసి పోశారు. వ్రతం రోజు వచ్చేదాకా జనరేటరు ఊపిరి తీసుకోవడానికి తప్ప ఆగింది లేదు.

వ్రతం సంగతేంటంటే, ఆయన కొడుకు మణిదీప్‌కి అంతకు ముందే రాజమండ్రి అమ్మాయి హేమశ్రీతో పెళ్లయింది. పెళ్లయ్యాక కొత్త జంట చేత అత్తవారింట్లో సత్యనారాయణ వ్రతం చేయించాలి, దానికి పిల్ల తరఫువాళ్లు రావాలి. గాలివాన వచ్చిందని మానేద్దామా అంటే శాస్త్రిగారు మళ్లీ దగ్గర్లో మంచి రోజు లేదన్నారు. దారిలో పడ్డ చెట్లు తీసేశారు, కార్లు తిరుగుతున్నాయి. వియ్యంకుడు ఉదయ్‌భాస్కర్ గారు రాజమండ్రిలో బట్టల కొట్టున్న మనిషి. పెద్ద కారులో భార్యతోనూ చుట్టాలతోనూ దిగారు.

వియ్యాలవారు వస్తున్నారంటే గోదావరి జిల్లాలో ఇల్లు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మర్యాదకి ఎక్కడ లోటొస్తుందోనని జగన్నాథరావు గారికి ముందు వారం నుంచే కంటి మీద కునుకు లేదు. పెళ్లిలో వాళ్లు చేసిన మర్యాదలు అలాంటిలాంటివి కావు, దానికి తగ్గకూడదు. కరెంటు లేకపోయినా పనసపొట్టు కూర, గుత్తివంకాయ, పులిహోర, బొబ్బట్లు, ఆత్రేయపురం పూతరేకులు అన్నీ సిద్ధం చేయించారు. ఒక్కటే ఆయన చేతిలో లేనిది ఆ చప్పుడు.

పెరటివైపు హాల్లో పీటలు వేసి కొత్త దంపతుల్ని కూర్చోబెట్టారు. శాస్త్రిగారు గణపతి పూజ మొదలుపెట్టారు. నోరు కదులుతోంది గానీ మంత్రం ఏదీ వినపడ్డంలేదు. పువ్వు వెయ్యమంటే మణిదీప్ నీళ్లు వదిలాడు. వియ్యపురాలు కొంగుతో ఒక చెవి మూసుకుంది. ఉదయ్‌భాస్కర్ గారు నవ్వుతూనే, కాస్త ముందుకు వంగి అన్నారు.

"బావగారూ, రైసు మిల్లులో వ్రతం చేయిస్తున్నట్టుందండి."

చుట్టాలు నవ్వారు. జగన్నాథరావు గారూ నవ్వారు. నవ్వినా తల కొట్టేసినట్టయింది. పైగా శాస్త్రిగారు కూడా ఊరుకోకుండా, "కథలు వినపడాలి కదండీ. చెవిన పడని కథకి ఫలం ఏముంటుంది, కొత్త దంపతులాయె" అన్నారు.

జగన్నాథరావు గారు లేచారు. గుమ్మం దగ్గర రామతులసి గారు చెయ్యి అడ్డం పెట్టి, మెల్లిగా అన్నారు.

"మీనాకి మాటిచ్చారు."

"మర్చిపోయాననుకున్నావా? కథలయ్యేవరకేనే. ఇన్ని రోజులుగా రాని ఫోను సరిగ్గా ఇప్పుడే వస్తుందా ఏంటి?"

"వస్తే?"

"శుభమా అని వ్రతం చేసుకుంటుంటే అవేం మాటలు" అని ఆవిడ చెయ్యి తప్పించి వెళ్లారు. మొలతాడు తాళం తీసి జనరేటరు ఆపేశారు. ఆపాక ఫోను తీసి చూశారు. సిగ్నల్ ఇంకా ఉంది. బ్యాటరీలు మోస్తున్నాయి, అశోక్‌గాడు ఉత్తినే బెదిరించాడు అనుకున్నారు. అనుకోవడం సుఖంగా ఉంటుంది కాబట్టి అనుకున్నారు. పూజ దగ్గర మోగితే బాగోదని ఫోను బీరువాలో పెట్టేశారు.

ఎన్ని రోజుల తర్వాతో ఊరికి నిశ్శబ్దం వచ్చింది. కొబ్బరాకుల చప్పుడు, పిచ్చుకలు, శాస్త్రిగారి కంచు గొంతు. "అమ్మయ్య" అంది వియ్యపురాలు. ఆ ఒక్క మాటతో జగన్నాథరావు గారికి ప్రాణం లేచొచ్చింది. అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని అయిదు కథలూ శ్రద్ధగా విన్నారు. మాట ఇచ్చి తప్పినవాళ్లు ఎలాంటి కష్టాలు పడ్డారో శాస్త్రిగారు వివరంగా చెబుతుంటే, తలూపుతూ విన్నారు.

కథలయ్యాయి. హారతయింది. ప్రసాదమయింది. రామతులసి గారు పళ్లెం అందిస్తూ కళ్లతోనే అడిగారు. ఆయన కూడా కళ్లతోనే, ఉండు అన్నారు. విస్తళ్లు వేసేశారు, ఇప్పుడు ఆ మోత మొదలుపెడితే వాళ్లు ప్రశాంతంగా తింటారా? భోజనాలు కానీ. వడ్డించేటప్పుడు ఇంటి యజమాని పక్కన లేకపోతే ఏం బాగుంటుంది? ఇలాంటివి ఆయనకి ఒకదాని వెనక ఒకటి తోచాయి, అన్నీ న్యాయంగానే తోచాయి.

అప్పుడు వచ్చింది మీనాకుమారి. భోజనాల పందిరి గుంజ పక్కన నిలబడింది, చేతిలో ఫోను. బంతిలో కూర్చున్న పట్టుచీరల్ని చూసి ముందుకు రాలేకపోయింది. జగన్నాథరావు గారే చూసి గబగబా వెళ్లారు.

"రామ్మా రా, సరైన వేళకొచ్చావు. కూర్చో, భోజనం చేద్దువుగాని."

"భోజనానికి కాదండి బాబాయిగారూ. సిగ్నల్ పోయిందండి. ఏమైందోనని."

ఉదయ్‌భాస్కర్ గారు విస్తట్లోంచి తలెత్తి చూస్తున్నారు. ఇంటి ముందుకొచ్చి ఒక మనిషి ఏదో అడుగుతోంది, ఇంటాయన సంజాయిషీ చెప్పుకోవాలి. వియ్యంకుడి ముందు అది ఎలా ఉంటుంది? జగన్నాథరావు గారి నోట్లోంచి అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఆయనే ఒక్క క్షణం దాన్ని నమ్మారు.

"డీజిల్ అయిపోయిందమ్మా. అశోక్‌కి కబురెట్టాను, వచ్చేస్తున్నాడు. ఈలోపు నువ్వు తిను."

మీనాకుమారి ఆయన ముఖంలోకి చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది.

"అలాగాండి" అంది.

"వద్దంటే ఒప్పుకోను. వ్రతం నాడు మా ఇంటికొచ్చి ఆకలితో వెళ్తావా? తులసీ, మీనాకి విస్తరెయ్యి."

ఆమె ఆడవాళ్ల బంతిలో చివర కూర్చుంది. ఫోను విస్తరి పక్కన పెట్టుకుంది. జగన్నాథరావు గారు దగ్గరుండి బొబ్బట్టు మీద బొబ్బట్టు వేయించారు. రామతులసి గారు నెయ్యి వడ్డించడానికి వంగి, ఆమె ముఖం చూడలేక విస్తట్లో పడాల్సిన నెయ్యి చాప మీద పోశారు. మీనాకుమారి ఒక్కో ముద్దా మింగుతూ ఫోను వంక చూస్తోంది. "పూతరేకు తినమ్మా, మొహమాటపడకు" అన్నారు జగన్నాథరావు గారు. తింది.

ఆ చూపులు ఆయనకి గుచ్చుకోకపోలేదు. పెద్దవాళ్లు చేతులు కడుక్కుంటున్నారు, ఇంక ఆగడం తన వల్ల కాలేదు. కానీ డీజిల్ అయిపోయిందని చెప్పాక ఊరికే వెళ్లి తాళం తిప్పితే ఎలా? షెడ్డులోకి వెళ్లారు. అక్కడ ఖాళీ డబ్బా ఒకటి కనపడింది. దాన్ని చేత్తో పట్టుకుని, బరువుగా ఉన్నట్టు ఒక పక్కకి ఒరిగి, రొప్పుతూ పందిరి పక్క నుంచి నడిచారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఊళ్లో పెద్దమనిషి, ఖాళీ డబ్బాతో ఆ నాటకం ఆడుకుంటూ వెళ్లారు. "ఒక డబ్బా దొరికిందమ్మా అదృష్టం కొద్దీ" అని మీనాకుమారికి చెప్పారు కూడా.

జనరేటరు మళ్లీ మోత మొదలుపెట్టింది. ఆయన లోపలికొచ్చి, బీరువాలోంచి ఫోను తీసి, వియ్యంకుడికి తాంబూలం అందించబోతుండగా అది చేతిలో అదిరింది. మెసేజి. తర్వాత ఇంకొకటి. ఫోను అందని వేళ మీకు కాల్స్ వచ్చాయంటూ కంపెనీవాళ్లు పంపే మామూలు మెసేజి. కింద పేరు: తేజస్వి ఆసుపత్రి. మళ్లీ అదే పేరు. మళ్లీ.

తాంబూలం పళ్లెం ఆయన చేతిలోనే ఉండిపోయింది. పందిట్లో బంతి చివర మీనాకుమారి ఫోను కూడా మోగుతూ మోగుతూ విస్తరి పక్కన వణుకుతోంది. ఆమె ఎంగిలి చేత్తోనే దాన్ని ఎత్తి చూసుకుంది. ఎడం చేత్తో నంబరు నొక్కింది. ఆ మోతలో ఆమెకి వినపడక, ఒక చెవి మూసుకుని పెరటి గోడ దాకా నడిచింది. జగన్నాథరావు గారు వెనకాలే వెళ్లారు. వెళ్లి ఏం చెయ్యాలో తెలీదు, కాళ్లు వెళ్లాయి.

అవతల ఒక అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడుతోంది. మాట వినపడాలని మీనాకుమారి స్పీకరు పెట్టింది. "చాలాసార్లు ట్రై చేశామండి. రెండో నంబరుకి కూడా చేశాం. రెండూ కలవలేదండి. ఇంక ఆగడానికి లేక తర్వాతివాళ్లకి చెప్పేశామండి. వాళ్లు బయల్దేరిపోయారు. మీ పేరు అలాగే ఉంటుందండి, మళ్లీ వచ్చినప్పుడు..."

"పర్లేదమ్మా" అంది మీనాకుమారి. "మీరేం చేస్తారు."

గేటు దగ్గర ఉదయ్‌భాస్కర్ గారి పెద్ద కారు ఉంది. డ్రైవరు అందులో పడుకుని కునుకు తీస్తున్నాడు. దారి బాగుంది. కబురొచ్చిన వెంటనే బయల్దేరి ఉంటే చీకటి పడేలోపు విశాఖపట్నం చేరి ఉండేవాళ్లు. జగన్నాథరావు గారికి ఆ కారు తప్ప ఇంకేమీ కనపడలేదు కాసేపు.

"మీనా..." అన్నారు.

"వెళ్లొస్తానండి. పిల్ల ఒక్కతే ఉంది." చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది.

"ఏంటండీ, ఏమైంది?" అని వియ్యంకుడు అడిగితే, "ఏంలేదండి, వాళ్లమ్మాయికి వంట్లో బాగోదు" అన్నారు. వియ్యాలవారు బయల్దేరారు. పసుపు కుంకుమలు, చీరలు, పూతరేకుల పెట్టెలు. కారెక్కుతూ ఉదయ్‌భాస్కర్ గారు ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. "మర్యాదంటే మీదేనండి బావగారూ. మా కోసం ఆ జనరేటరు కూడా ఆపించారు. నేనేదో సరదాకి అన్నాను గానీ, నిజంగా ఆపుతారనుకోలేదండి."

సరదాకి అన్నారట.

కారు వెళ్లాక జగన్నాథరావు గారు ఆ అరుగు మీద కూర్చోలేకపోయారు. ఊళ్లోవాళ్లు మళ్లీ చార్జర్లతో వచ్చారు. "మధ్యలో సిగ్నల్ పోయిందండి, ఏమైంది?" అని ఒకరడిగితే ఆయన లోపలికెళ్లిపోయారు. రామతులసి గారు వంటింట్లో గిన్నెలు సర్దుతున్నారు. తిడుతుందేమోనని చూశారు. తిడితే బాగుండుననీ చూశారు. ఆవిడ ఒక్కటే అన్నారు.

"వెళ్లి చెప్పండి. ఈ ఇంట్లో ఆ అబద్ధం పెట్టుకుని నేను దీపం పెట్టలేను."

పొద్దు వాలుతుండగా ఆయన బోదె దాటారు. తేజస్వి గుమ్మంలో నులకమంచం మీద కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. ముఖం పాలిపోయి ఉంది. ఆయన్ని చూడగానే లేవబోయింది.

"కూర్చోమ్మా, కూర్చో."

"అమ్మ దొడ్లో ఉందండి తాతగారూ. పిలుస్తాను." లేవలేక మళ్లీ కూర్చుని నవ్వింది. "మీకు థాంక్స్ చెప్పాలనుకుంటున్నానండి. గాలివాన వచ్చినప్పట్నుంచీ మా అమ్మ హాయిగా నిద్రపోతోందంటే మీ జనరేటరు వల్లేనండి. అది వినపడుతుంటే అమ్మకి జోలపాటలా ఉంటుంది. ఇవాళ కాసేపు ఆగింది కదా, చూడాలి మా అమ్మ కంగారు."

ఆ పిల్లకి తెలీదు. ఫోను వచ్చిందని, వచ్చి వెళ్లిపోయిందని తల్లి చెప్పలేదు. జగన్నాథరావు గారు అక్కడ నిలబడలేక దొడ్డివైపు వెళ్లారు. మీనాకుమారి బావి గట్టు మీద కూర్చుని లేసు అల్లుతోంది. అల్లడం లేదు, అల్లింది విప్పుతోంది. ఆయన్ని చూసి లేచి నిలబడి, కొంగు సర్దుకుంది.

దారి పొడుగునా ఆయన మాటలు కూర్చుకునే వచ్చారు. తప్పు చేశాను, నేనే ఆపాను, క్షమించు. మూడు ముక్కలు. నోరు తెరిచారు.

"అది కాదమ్మా, ఆ డీజిల్... చూసుకోలేదు నేను... సమయానికి..."

మళ్లీ అదే అబద్ధం. అలవాటైనదానిలా దానంతటదే వచ్చేసింది. మీనాకుమారి చెయ్యి కాస్త ఎత్తింది, ఇంక చాలన్నట్టు.

"బాబాయిగారూ, మా దొడ్లోంచి టవరు కనపడుతుందండి. మీరు పట్టుపంచె కట్టుకుని, మొలతాడు తాళం తీసి ఆపడం నేను చూశాను."

ఆయన చెయ్యి దానంతటదే మొలతాడు తాళం మీదికి పోయింది.

"కథలయ్యాక వేస్తారులే అనుకున్నాను. మీరు మాటిచ్చారు కదా, మర్చిపోరులే అనుకున్నాను. హారతి గంట వినపడింది. అప్పుడూ వెయ్యలేదు. అప్పుడొచ్చానండి."

"చూసే... చూసి కూడా అడగలేదేమ్మా? డీజిల్ అయిపోయిందంటే ఊరుకున్నావేమ్మా?"

"ఎలా అడగనండి?" అంది. "మీ వియ్యాలవారు అందరూ కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు మీది అబద్ధమని అంటే మీ పరువేం కాను? మర్యాద కాదని ఊరుకున్నానండి. తినమన్నారు, తిన్నాను. పూతరేకు వేయించారు, అదీ తిన్నాను. ఆ ఖాళీ డబ్బా మీరు మోసుకెళ్తుంటే నవ్వు రాకూడదని తల దించుకున్నానండి. నేను నోరు తెరిచి ఒక్క మాట అనుంటే మీరు అప్పుడే వేసేవారు. ఆ ఒక్క మాట అనలేకపోయాను. నా కూతురి ప్రాణం కన్నా మీ మర్యాద ఎక్కువైపోయింది నాకు."

ఆమె కళ్లు తుడుచుకుని వీధివైపు చూసింది, పిల్లకి వినపడిందేమోనని. జనరేటరు మోతలో ఏమీ వినపడదు.

జగన్నాథరావు గారు బావి గట్టు పట్టుకున్నారు. ఆ మధ్యాహ్నం నుంచీ ఆయన సిగ్గుపడుతూనే ఉన్నారు గానీ, ఆ సిగ్గులో ఒక మూల చిన్న ఊరట ఉండేది. ఆమెకి తెలీదు కదా అని. ఆమె అంతా తెలిసి తన ఇంట్లో, తన పరువు కోసం, తన బొబ్బట్లు మింగింది. తాను దగ్గరుండి వడ్డించారు.

"దానికి చెప్పకండి" అంది మీనాకుమారి. "ఫోను వచ్చిందని తెలిస్తే తట్టుకోలేదు. ఇంకా రాలేదనే అనుకోనివ్వండి."

"చెప్పనమ్మా."

"ఇంకోటండి. ఆ తాళం ఇలా ఇవ్వండి."

గారు, అండి, ఏదీ తగ్గలేదు. చెయ్యి మాత్రం చాపే ఉంచింది. జగన్నాథరావు గారు మొలతాడు ముడి విప్పడానికి ప్రయత్నించారు. ముడి రాలేదు. కొంతసేపు అలా ఆమె ముందు తంటాలు పడి, చివరికి దారాన్ని తెంపి, తాళం ఆమె అరచేతిలో పెట్టారు.

"నన్ను క్షమించు మీనా" అన్నారు. ఈసారి వచ్చింది మాట.

ఆ ఊళ్లో ఎవరు ఎవరికి ఏం చేసినా, కాలు తొక్కినా, కాఫీ ఒలకబోసినా, చేలో పశువు పడి మేసినా, అవతలివాళ్లు అనే మాట ఒకటుంది. పర్లేదండి. మీనాకుమారి ఆ మధ్యాహ్నమే ఆసుపత్రి అమ్మాయికి కూడా అంది. జగన్నాథరావు గారు పుట్టి బుద్ధెరిగాక ఎవరికైనా క్షమించమని చెప్పి ఆ మాట వినకుండా వెనక్కి తిరిగింది లేదు. ఆయన దాని కోసం నిలబడ్డారు.

ఆమె తాళం కొంగున ముడేసుకుని, కింద కూర్చుని, విప్పిన లేసు దారం ఉండ చుట్టుకోవడం మొదలుపెట్టింది.